అడిగింటే జరిపేది కదమ్మా

పాకాల,
ఆదివారం సాయంత్రం

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు బీపీ మాత్రల సంగతి, తర్వాత ఊరగాయ సంగతి. కడాన ఫోన్ పెట్టేసే ముందు, "నీ కూతురు రైల్లో ఎవరితోనో తగువు పెట్టుకుందంట అక్కా" అని మెల్లిగా వదిలింది. నువ్వు మార్కులు తెచ్చినప్పుడు దాని కూతురివి, తగువులు తెచ్చినప్పుడు నా కూతురివి. చిన్నప్పటినుంచీ ఇదే లెక్క.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇది. సాయంత్రం చిత్తూరు నుంచి వచ్చే బండిలో నీ ఎదురు సీటాయన రోజూ ఫోన్లో వీడియోలు బోగీ అంతా వినబడేట్టు పెడతాడు. చెప్పులు విప్పి కాళ్ళు తెచ్చి నీ సీటు మీద, నీ బ్యాగు పక్కనే పెడతాడు. తీయమంటే "సీటు నీ పేరు మీద రాసిచ్చినారా?" అన్నాడు. దానికి నువ్వు, ఆయన్ని వీడియో తీసి లోకమంతా చూసేట్టు పెడతానని ఇంట్లో చెప్పినావు. అప్పటికీ వినకపోతే ఫోన్ లాక్కుని కిటికీలోంచి పారేస్తానని కూడా అన్నావంట.

ఆ రెండో మాటకు నేను నవ్వినాను, అబద్ధమెందుకు. తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ఫోన్లో చెబితే నేను అరుస్తాను, నువ్వు "సిగ్నల్ లేదు పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నా. పక్కింటి పిల్లోడు దీన్ని ఫోటోలు తీసి నీకు వాట్సాప్‌లో పంపుతానన్నాడు. పేజీలు తారుమారైతే వాణ్ణి తిట్టు.

మన ఇంట్లో సీజన్ టికెట్ తీసుకున్న మొదటి ఆడపిల్లను నేను. 1983లో, టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో. మా నాయన, అదే మీ తాత, మొదటిరోజు స్టేషన్ దాకా వచ్చి, బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడినాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు నువ్వు. అందుకే మీ అమ్మ "పోనీ ఆ ఉద్యోగం మానేయమందామా" అంటే దాన్ని గట్టిగా కసిరినాను. కాళ్ళు చాపుకుని కూర్చునే ఎవడో ఒకడి కోసం ఉద్యోగం మానేస్తారా ఎవరైనా?

చిల్లర విషయాలు ముందు చెప్పేస్తా. సీజన్ గడువు ఆఖరిరోజు దాకా ఉంచుకోకుండా ముందే మార్చుకో. గుర్తింపు కార్డు టికెట్‌తో పాటే పెట్టుకో. సీజన్ ఉంది గదా అని ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ బోగీ ఎక్కి కూర్చోవద్దు, అప్పుడు దౌర్జన్యం చేసేది నువ్వే అవుతావు. ఆడవాళ్ళ పెట్టె ఉంటే దాంట్లో ఎక్కు. బంగారం ఇంట్లో పెట్టు. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చూడొద్దు, బండి నిదానించేచోట చెయ్యి లోపలికి పెట్టి లాక్కుని పోతారు.

ఇంకొకటి చెప్పాల, ఇది చిల్లర విషయం కాదు. వాకిలి దగ్గర నిలబడి ఎవరితోనూ వాదం పెట్టుకోవద్దు. తప్పు వాళ్ళదే కానీ, నిన్ను తోసుకుని ఎక్కనీ, కాలు తొక్కనీ, లోపలికి వచ్చినాక మాట్లాడు. మీ పెదనాన్న నడక చూసినావు గదా? పుట్టుకతో కుంటి అనుకుంటారు అందరూ. కాదు. ఇదే పాకాల స్టేషన్లో, కదిలే బండి మెట్టు మీద ఒకడితో "జరగరా అంటే జరగవేంరా" అని మాటకు మాట పెంచుకుని, ఆ కోపంలో అడుగు తప్పినాడు. ఆ మనిషి ఎవరో, తగువు దేనికో ఆయనకు ఇప్పుడు గుర్తు లేదు. కాలికి మటుకు గుర్తుంది, వాన మబ్బు పట్టిన రోజంతా. బండి ఆగకముందే దిగే అలవాటుంటే ఈ పొద్దే మానెయ్. ఒట్టు వేయించుకునే దాన్ని, నువ్వు దగ్గర లేవు.

సరే, ఎదురు సీటాయన సంగతికి వస్తా. అంతకన్నా ముందు నా సంగతి ఒకటి చెప్పాల. ఇది మీ అమ్మకు కూడా తెలీదు.

1985 అనుకుంటా. ఇప్పుడు నువ్వు పోయే లైను అప్పుడు మీటర్ గేజి. చిన్న పెట్టెలు, బొగ్గు ఇంజను. ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవి. నేను పాకాలలో ఎక్కి తిరుపతిలో దిగాల, నలభై కిలోమీటర్లు. తెల్ల చీర కట్టుకుంటే చంద్రగిరి దాటేసరికి మసి చుక్కలు. అయినా నాకు అప్పట్లో గంజి పెట్టిన చీరల పిచ్చి. రాత్రిపూట గంజి పెట్టి, పొద్దున్నే ఇస్త్రీ చేసి, మడత నలగకుండా కూర్చోవాలని ఒకే తాపత్రయం. క్లాసులో పిల్లల ముందు నలిగిన చీరతో నిలబడితే టీచరు ఉద్యోగం ఊడుతుందని అనుకునేదాన్నేమో.

మా పెట్టెలోనే పూలమ్మే ఆమె ఒకామె ఎక్కేది. కనకాంబరాలు, మల్లెలు. కొండమీద పూలన్నీ స్వామికే గదా, ఆడవాళ్ళు పెట్టుకోరు. కింద గోవిందరాజస్వామి గుడి దగ్గర బేరం బాగుంటుందని అక్కడికి తెచ్చేది. పెద్ద గంప, పైన తడిపిన గోనెపట్టా. ఆ గంపను తెచ్చి సరిగ్గా కిటికీ పక్క సీటు మీద పెట్టేది. మనిషి కూర్చునే చోట గంప! పక్కన నేను. పట్టాలోంచి నీళ్ళు కారి కారి నా చీర కుచ్చిళ్ళు తడిసేవి. రోజూ.

నేను ఏమి చేసినాననుకున్నావు? ఏమీ చేయలేదు. ముఖం చిట్లించుకునేదాన్ని. కొంగు లాక్కుని బుసకొట్టేదాన్ని. నా ముఖం చూసి ఆమెకే తెలియాలని నా ఉద్దేశం. చదువుకున్నదాన్ని గదా, పూలమ్మే ఆమెను నోరు తెరిచి అడగడమేంటని లోపల ఒక బిగువు కూడా ఉండేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. ఇట్లా రెండు నెలలు. కోపం చిన్నదిగానే మొదలైంది, పులిసి పులిసి పెద్దదైంది.

ఒకరోజు స్కూలు తనిఖీ. పట్టుచీర కట్టుకున్నా. అది కూడా తడిసింది. పనపాకంలో టి.సి. ఎక్కినాడు. నేను నా సీజన్ చూపిస్తూ, ఆమె వైపు చూడకుండా, "సార్, మనుషులు కూర్చునే సీటు మీద లగేజీ పెట్టొచ్చా? దానికి టికెట్ ఉందా?" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో! క్లాసులో అడిగే గొంతుతో.

లగేజీకి చీటీ లేదని జరిమానా రాసినాడు ఆయన. ఆమె కొంగు ముడి విప్పింది. ఉన్నవన్నీ చిల్లరే. లెక్కపెట్టింది, చాలలేదు. మళ్ళీ లెక్కపెట్టింది. చంద్రగిరిలో గంపతో సహా దించేసినారు. దిగేటప్పుడు చుట్టకుదురు సీటు కిందనే ఉండిపోయింది. బండి కదిలినాక చూసినాను నేను. ఇంకొకామె దాన్ని తీసి కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీదికి విసిరింది.

ఆమె ఒక్క మాట తిట్టలేదు నన్ను. తిట్టింటే బాగుండేది.

తిట్టింది ఆ చుట్టకుదురు విసిరిన ఆమె. తిట్టు కూడా కాదు. "కిటికీ గాలి తగలకపోతే కనకాంబరాలు వాడిపోతాయని అక్కడ పెట్టేది టీచరమ్మా. అడిగింటే జరిపేది కదమ్మా. కింద ఒక అరిటాకు ఏసుకునేది." అంతే. తర్వాత తిరుపతి దాకా ఎవరూ నాతో మాట్లాడలేదు. మరుసటిరోజూ మాట్లాడలేదు. అంతకుముందు ముగ్గురు కూర్చునే చోట నేను వస్తే నలుగురయ్యేవాళ్ళు. ఇప్పుడు నన్ను చూస్తానే ముగ్గురూ వెడల్పయ్యేవాళ్ళు. ఎండాకాలం సెలవులిచ్చేదాకా నిలబడే పోయినాను. గంజి చీర నలగలేదులే, ఆ సుఖం దక్కింది.

పూలామె వారం తర్వాత మళ్ళీ కనిపించింది. వాకిలి పక్కన, కింద కూర్చుని, గంప ఒళ్ళో పెట్టుకుని. నేను పోయి ఏమన్నా అనాలనుకుంటా, గొంతు దాకా వస్తుంది, బండి చంద్రగిరి వస్తుంది, మాట పోతుంది. ఒకసారి పనిగట్టుకుని గుడి దగ్గరికి పోయినాను పూలు కొనడానికి. రెండు మూరలు అడిగినా. మోచెయ్యి చాచి, పిసరు తగ్గకుండా కొలిచింది. ఆకులో చుట్టింది. చిల్లర లెక్కగా ఇచ్చింది. నా ముఖం చూడలేదు. "ఉంచుకోమ్మా" అన్నాను చిల్లర. నా చేతిలోనే పెట్టింది.

క్షమాపణ చెప్పినావా పెద్దమ్మా అని అడుగుతావు. లేదు. నాకు బదిలీ అయింది.

ఇప్పుడు నువ్వు "ఆమె పాపం పూలామె, వీడు కాళ్ళు చాపేవాడు, ఇద్దరూ ఒకటేనా?" అంటావు. కాదు. ఆయన చేసేది తప్పే, పూలామె చేసినదాంట్లో కూడా రవంత తప్పుంది. నేను చెప్పేది నీ గురించి. బజారులో ఎవరితోనైనా కొట్లాడి ఇంటికి వచ్చేయొచ్చు, మళ్ళీ వాళ్ళ ముఖం చూడక్కర్లేదు. ఈ బండి అట్లా కాదు. ఈ పొద్దు తగువు పడిన మనిషి రేపు అదే టైముకు, అదే పెట్టెలో, నీ ఎదురుగానే ఉంటాడు. ఎల్లుండీ ఉంటాడు. పక్కింటోళ్ళతో ఎట్లా మెలుగుతావో అట్లా మెలగాల. నువ్వు ఆయన్ని వీడియో తీసి ఊరందరికీ చూపించినావే అనుకో. సోమవారం ఆ వీడియో చూసిన మనిషి పక్కనే కూర్చుని ప్రయాణం చేయాల్సింది నువ్వు. నువ్వు ఏ స్టేషన్లో దిగుతావో, ఏ పక్కకు నడిచిపోతావో ఆయనకు తెలుసు. మీ అమ్మకు ఈ ఆలోచన రాలేదు, అందుకే అది నిద్రపోయింది. ఆ వీడియోలో వెనక సీట్లో బిడ్డకు పాలిచ్చే ఆమె పడితే? ఆమెను అడిగినావా?

ఫోన్ కిటికీలోంచి పారేయడం గురించి నేను మాట్లాడను. నీకు ఇరవై నాలుగేళ్ళు.

ముందు నోటితో అడుగు. ముఖంతో అడగొద్దు. నా మాదిరి బుసకొట్టడం అడిగినట్టు కాదు. కోపం రాకముందే, మొదటి పది నిమిషాల్లోనే అడుగు, పులిసినాక గొంతు మారిపోతుంది. "కాళ్ళు తీయండి" అంటే ఆర్డరేసినట్టుంటుంది, నలుగురి ముందు మగోడు తీయడు, ప్రాణం పోయినా తీయడు. "అన్నా, బ్యాగు పెట్టుకుంటా, రవంత చోటిస్తారా?" అను. బ్యాగు చేతిలో పట్టుకుని, నిలబడి అను. కాళ్ళ మాటే ఎత్తొద్దు. ఫోన్ సంగతి వేరే రోజు అడుగు. రెండూ ఒకేసారి అడిగితే ఫిర్యాదుల పట్టీ చదివినట్టుంటుంది. తలనొప్పిగా ఉంది, సౌండు తగ్గిస్తారా అను. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తలనొప్పి ఎట్లాగూ ఉంటుంది, అబద్ధం కాదు.

రాత్రి పది దాటినాక ఫోన్లో గట్టిగా పాటలు పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు అని 2022లో రైల్వే వాళ్ళు ఆదేశాలిచ్చినారు. నువ్వు ఆ రూలు పట్టుకుని పోవద్దు, నీ బండి ఏడు గంటలది. ఆయనకు తెలిస్తే అదే నీకు తిప్పి చెబుతాడు.

ఒకసారి అడిగి, రెండోసారి అడిగి, ఫలితం లేకపోతే నీ గొంతు దాచుకో. ఆ పెట్టెలో రోజూ వచ్చే పెద్దవాళ్ళు ఉంటారు. రిటైరు కాబోయే గుమాస్తాలు, బ్యాంకు వాళ్ళు. వాళ్ళతో పరిచయం చేసుకో, వేరుశనగ కాయలు పంచుకో. ఆయన వయసుకు పైబడిన మగమనిషి ఒకరు "ఏమయ్యా, ఆడపిల్ల కూర్చోవాల, కాళ్ళు దించు" అంటే ఒక్క దెబ్బకు దిగుతాయి. ఇది న్యాయమా అంటే కాదు. నువ్వు చెబితే దిగని కాళ్ళు ఆయన చెబితే ఎందుకు దిగాల? నాకూ కడుపుమంటే. కానీ నీకు కావాల్సింది సీటు, అది ముందు తీసుకో, న్యాయం సంగతి నిదానంగా చూద్దాం.

అప్పుడప్పుడూ బండి నిండా యాత్రికులు ఉంటారు, కాట్పాడి పక్కనుంచి వచ్చి, గుండ్లు కొట్టించుకుని తిరుగుదారి పట్టినవాళ్ళు. ముఖ్యంగా నువ్వు పొద్దున చిత్తూరు పోయే బండిలో. గుండు మీద చందనం, చేతిలో లడ్డు సంచి, పిల్లల్ని సీట్ల మీద పడుకోబెట్టి ఉంటారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవద్దు. క్యూలో రాత్రంతా నిలబడి ఉంటారు. ఎప్పుడో ఒకసారి వస్తారు, మనకు రోజూ ఉండేదే. "కొంజం తళ్ళి ఉక్కారుంగ", అంటే కొంచెం జరిగి కూర్చోండి, అను చాలు, కుటుంబం మొత్తం జరుగుతుంది, లడ్డు ముక్క కూడా పెడతారు. చిత్తూరు జిల్లాలో పుట్టి ఆ మాత్రం అరవం రాకపోతే ఎట్లా. తిరుపతి ఇప్పుడు వేరే జిల్లా అయిందిలే, 2022 నుంచి. నాకు ఇంకా నోరు తిరగదు.

ఇక ఇది జాగ్రత్తగా చదువు. పైన చెప్పిన ఓర్పంతా కాళ్ళు చాపేవాడికి, ఫోన్ మోగించేవాడికి, సీటు మీద టవలు వేసి "మనిషొస్తాడు" అనేవాడికి. చెయ్యి వేసేవాడికి కాదు. ఆనుకుని నిలబడేవాడికి, తాగి వచ్చి బూతులు మాట్లాడేవాడికి కాదు. అక్కడ అన్నా లేదు, రవంత లేదు, రెండుసార్లు అడగడం లేదు. అరిచెయ్. పెట్టె మొత్తం తిరిగి చూసేట్టు అరిచెయ్. మా రోజుల్లో అరవడానికి సిగ్గుపడి రవికకు పిన్నీసు పెట్టుకుని పోయేవాళ్ళం, బస్సుల్లో, రైళ్ళలో. పిన్నీసు గుచ్చి ఏమీ తెలీనట్టు కిటికీలోకి చూసేవాళ్ళం. సిగ్గు వాడు పడాల్సింది, మేము పడినాము. నువ్వు పడొద్దు.

అరిచినాక 139కి, అదే రైల్వే వాళ్ళ సహాయం నంబరుకు, ఫోన్ చెయ్. ముందు 182 ఉండేది, ఇప్పుడు దాన్ని కూడా 139లోనే కలిపేసినారు. రైల్వే ఫిర్యాదులకు రైల్ మదద్ అనే యాప్ కూడా ఫోన్లో పెట్టుకో, బండి నంబరు ముందే రాసి పెట్టుకో, కంగారులో గుర్తు రాదు. మన పక్కింటాయన రిటైరైన గార్డు (గార్డును ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటారంట, ఆయనకు ఆ మాట నచ్చదు). ఆయన్ని అడిగి రాసుకున్నా. 1989 రైల్వే చట్టంలో 145వ సెక్షన్ కింద తాగి అల్లరి చేసేవాణ్ణి, బూతులు మాట్లాడేవాణ్ణి బండి నుంచి దించేయొచ్చు, కేసు పెట్టొచ్చు. ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కే మగవాళ్ళకు 162. చైను మాత్రం ప్రాణం మీదికి వస్తేనే లాగు. ఊరికే లాగితే 141, జైలు గానీ వెయ్యి దాకా జరిమానా గానీ. ఈ నంబర్లు నోటికి వచ్చి ఉంటే మంచిది. మాట తడబడకుండా "నూట నలభై ఐదు" అంటే సగం మంది తగ్గుతారని ఆయన అన్నాడు. ఆయన అనుభవం అది.

కానీ కాళ్ళు చాపినాయన మీద మటుకు 139కి చేయొద్దు ఇప్పుడే. నేను టి.సి.ని పిలిచింది గుర్తు పెట్టుకో. పిలవకూడదని కాదు, ముందు అడగాల. అడిగినా విననివాణ్ణి ఏం చేయాలో వేరే సంగతి.

రాత్రిళ్ళు ఆలస్యమైతే మీ అమ్మకు ఫోన్ చేసి, తర్వాత నాకు కూడా చెయ్. నేను మేలుకునే ఉంటా. మేలుకుని ఉండకపోయినా చెయ్.

బుధవారం కంటి డాక్టరు దగ్గరికి తిరుపతి రావాల నేను. పొద్దున బస్సు ఉంది. కానీ డాక్టరు దగ్గరికి మరుసటిరోజు పోతాలే, బుధవారం సాయంత్రం నీ బండే ఎక్కుతా పాకాలలో, రాత్రికి మీ ఇంట్లో పడుకుంటా. ఊరిబిండి తెస్తున్నా, సంగటి వండమని మీ అమ్మకు చెప్పు. ఆ పెట్టె ఏదో, ఎన్నోదో నాకు మెసేజ్ పెట్టు. ఆయన ఎవరో నువ్వు చూపించొద్దు, నేనే కనుక్కుంటా. ఏమీ అనను, ఒట్టు. కూర్చుని చూస్తా, అంతే.

కిటికీ పక్కన నాకు ఒక సీటు పట్టు. టవలు వేసి కాదు. ఎవరినైనా అడిగి.

మీ పెద్దమ్మ